చేత్తో రెండు చుట్లు

నా కారు ముట్టుకోవద్దని నా కొడుకు ఊళ్ళో మెకానిక్కులందరికీ ఫోన్లు చేశాడు. ఈ సంగతి కొడుకు నాతో అనలేదు. గవరపాలెం మెకానిక్కు త్రినాథ్ చెప్పాడు. అదీ నేను వాడి షెడ్డు ముందు కారు ఆపి, దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసిన తరవాత.

"ఏరా, టైమింగ్ బెల్టు మార్చమంటే మొహం అలా పెట్టేవేటి?"

"నానేటి సేసేదమ్మగారూ. రామ్‌గోపాల్ బాబు ఫోన్ సేసేరు. అమ్మ కారు తెత్తే పని ముట్టొద్దన్నారు. నాకొక్కడికే కాదు, అందరికీ సేసేరంట. మా బావమరిది మీ కొట్లోనే పన్జేత్తన్నాడు గదా. నన్ను ఇరకాటంలో ఎట్టకండి."

రామ్‌గోపాల్ నా ఒక్కగానొక్క కొడుకు. వాళ్ళ నాన్న పోయాక బెల్లం వ్యాపారం చేతికి తీసుకుని బాగా నడుపుతున్నాడు. మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్ళు ఏం చేసినా మన మంచికే చేస్తారు. ఎదురు తిరిగితే చెడ్డవాళ్ళం మనమే అవుతాం. నాకు అరవై ఏడేళ్ళు. చెడ్డపేరు వస్తే మోసే వయసే.

"బెల్టు అమ్మొద్దని అన్నాడా?" అని అడిగాను.

త్రినాథ్ తల గోక్కున్నాడు. "అదన్నేదమ్మా."

"పానాలు ఎరువివ్వొద్దన్నాడా?"

"అదీ అన్నేదు."

"అయితే రెండూ ఇయ్యి."

వాడు కొత్త బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, పానాల పెట్టె తెచ్చి వెనక సీట్లో పెట్టాడు. తలుపు వేసి, కిటికీ దగ్గర ఒంగి మెల్లగా అడిగాడు. "మారిసేదెవులమ్మా?"

"నేనే."

వాడు నవ్వలేదు. నవ్వుంటే నాలుగు తిట్టేదాన్ని. ఏ దారీ లేక ఇంటికి పోనిచ్చాను, పాత బెల్టు దారిలో తెగకుండా చూడమని నూకాలమ్మ తల్లికి చెప్పుకుంటూ.

అసలీ గొడవ వచ్చింది సర్వీసింగులో. విశాఖపట్నంలో ఎవరో మెకానిక్కు బానెట్టు ఎత్తి, బెల్టు పగుళ్ళు వేసిందన్నాడు. ఇంజను లోపల పైన తిరిగే చక్రాన్నీ కింద తిరిగే చక్రాన్నీ ఒకే లెక్కలో నడిపించే పళ్ళ బెల్టు అది. నడుస్తుండగా తెగిందా, లోపలి ముక్కలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజను మూలపడుతుంది. మార్చుకుంటే ఏ గొడవా ఉండదు. ఏ పాత కారుకైనా ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. నా కొడుకు మాత్రం "పగుళ్ళు" అన్న మాట దగ్గరే చెవులు మూసుకున్నాడు. అంతకు ముందు ఎండాకాలంలో నేను మా గేటు స్తంభానికి కారు కాస్త రాశాను. మా గేటుకి ఒకటి పెద్ద రెక్క, ఒకటి చిన్న రెక్క. కారు పెద్ద రెక్కలోంచే పడుతుంది, కాస్త చూసుకోవాలి అంతే. ఆ రోజు చూసుకోలేదు. గీత పడింది మా గోడకి, మా కారుకి. దాన్ని వాడు చుట్టాలందరికీ "అమ్మ యాక్సిడెంటు" అని చెప్పుకున్నాడు.

"కారు తీసేద్దామమ్మా. శుక్రవారం పోతురాజు వచ్చి తీసుకెళ్తాడు," అన్నాడు ఒక రోజు అన్నం తింటూ, పెరుగు వేసుకుంటూ. పోతురాజు అంటే పాత ఇనుము కొట్టు పోతురాజు.

"శుక్రవారం పూట ఇంట్లో ఇనుము బయటికి పంపుతావేట్రా?"

"పాతది పోతే మంచిదేలే. నీకెక్కడికి కావాలన్నా డ్రైవరుని పంపుతాను. ఎక్కడికో ఒక్క మాట చెప్తే చాలు."

అదిగో, అక్కడుంది నా మంట. ఎక్కడికి? పెళ్ళి కాకముందు మా నాన్న అడిగేవాడు, ఎక్కడికి అని. పెళ్ళయ్యాక అత్తగారు అడిగేది. తరవాత మా ఆయనా అడిగారు, కళ్ళు బాగున్నన్నాళ్ళూ. షుగరు వల్ల ఆయనకి చూపు మందగించినప్పుడు నాకు యాభై దాటింది. ఆ వయసులో ఈ పాత శాంత్రో కొని, నన్ను డ్రైవింగు నేర్చుకోమన్నది ఆయనే. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మార్కెట్ యార్డుకి, రావికమతం రైతుల దగ్గరికి, కొండకర్ల ఆవ చెరువు దాకా తిప్పేదాన్ని. చూపు పోయాక ఆయన ప్రశ్న మారిపోయింది. "ఎక్కడున్నాం సూర్యం?" అని నన్ను అడిగేవారు. చెరకు లారీ వెనకున్నాం అనో, ఆవ ఒడ్డున కొంగలు లేస్తున్నాయి అనో చెప్పేదాన్ని. ఎక్కడున్నాం అని అడిగే మనిషి ఉన్నాడంటే పక్కనే ఉన్నాడని అర్థం. నా జన్మలో నేను సుఖపడింది ఆ కారులోనే. చెప్పడానికి సిగ్గేముంది.

ఆయన పోయాక కూడా తాళం తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. ఎవరికీ చెప్పే పని లేకుండా. ఏమీ చెయ్యను, ఆవ దగ్గర ఆపుకుని ఓ టీ తాగి వస్తాను. ఆ టీ కూడా బాగుండదు. కానీ డ్రైవరుకి చెప్పి వెళ్తే అది ఇంకో టీ.

గురువారం పొద్దున రామ్‌గోపాల్ బరంపురం వెళ్ళాడు, సరుకు లెక్క చూసుకోవడానికి. శుక్రవారం మధ్యాహ్నానికి వస్తానన్నాడు. వాడి బండి వీధి మలుపు తిరగగానే నేను షెడ్డులోకి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కారు కుడి ముందు చక్రం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. చక్రం నట్టు మీద పానా పెట్టి తొక్కుతుంటే వెనక అలికిడయింది. నా కోడలు నాగజ్యోతి. చేతిలో కాఫీ గ్లాసులు రెండు.

మా జ్యోతి ఎక్కువ మాట్లాడదు. దాని మొగుడు పిలిస్తే పలుకుతుంది, నేను పిలిచినా పలుకుతుంది, ఎవరి వైపో నాకు ఎన్నడూ తెలిసేది కాదు. నేను పానా వదల్లేదు. "మీ ఆయనకి ఫోన్ చేత్తావా? చేసుకో," అన్నాను.

అది గ్లాసు నా పక్కన పెట్టింది. "నట్టు అటు కాదు అత్తయ్యా, ఇటు తిప్పాలి. అటైతే ఇంకా బిగుసుకుంటాది."

నేను దాని మొహం చూశాను.

"మాడుగుల్లో మా నాన్న రైస్ మిల్లు గదా. బెల్టులు తెగితే నేనే పట్టుకునేదాన్ని. మీరు లెగండి," అంది. పీట మీద కూర్చుని, నట్టు మీద పానా సరిగ్గా కూర్చోబెట్టి, ఇంకో మాట కూడా అంది, నా వైపు చూడకుండా. "నాకూ వత్తాది అత్తయ్యా ఫోను. కూరలకెళ్ళినా వత్తాది. ఎక్కడున్నావ్, ఎవరితో ఉన్నావ్ అని. ప్రేమే అనుకోండి."

"ప్రేమే. అందుకే కదా తిట్టడానికి లేదు," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ ఇంట్లో మేమిద్దరం ఒకే మాటకి నవ్వడం అదే మొదలు.

పని ఎలా చెయ్యాలో ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాం. ఎవడో పంజాబీ పిల్లాడు, మా కారులాంటిదే విప్పి హిందీలో చెబుతున్నాడు. జ్యోతికి హిందీ రాదు. నాకొచ్చు. ఉత్తరాది బెల్లం బేరగాళ్ళతో ఫోన్లో గొంతు చించుకుని నేర్చిన హిందీ అది. అది బేరానికి పనికొచ్చే హిందీ, తిట్లు బాగా వచ్చు. వాడు చెప్పేది నేను తెలుగు చేస్తుంటే, జ్యోతి చేసేది. ఆ పిల్లాడు మాటిమాటికీ ఒకటే చెప్పాడు. కొత్త బెల్టు వేశాక తాళం పెట్టొద్దు. ముందు కింది నట్టుకి పానా తగిలించి ఇంజనుని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడు. లోపల ఎక్కడైనా అడ్డం పడితే చేతికి తెలుస్తుంది, ఆపొచ్చు. తాళంతో తిప్పితే తెలిసేలోపు విరిగిపోతుంది.

"దో చక్కర్, హాథ్ సే," అని వాడంటే, "చేత్తో రెండు చుట్లు," అని నేనన్నాను. జ్యోతి తల ఊపింది.

చక్రం తీశాం. ఇంజను కింద చెక్క ముక్క పెట్టి జాకీతో పట్టి ఉంచి, దాన్ని మోసే పట్టీ విప్పాం. కింది పుల్లీ నట్టు మాత్రం ఎంతకీ రాలేదు. నన్ను కారెక్కించి గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమంది. పానాకి గొట్టం తొడిగి, తను ఆ గొట్టం మీద ఎక్కి నిలబడింది, గోడ పట్టుకుని. పెళ్ళినాటి నుంచి ఈ పిల్ల గట్టిగా అడుగు వేయడం నేను చూడలేదు. ఆ రోజు గొట్టం మీద ఎగిరింది. నట్టు పెద్ద చప్పుడుతో వదిలింది. పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగి చూసి, ఏటి పిన్నీ అంటే, "పెరుగు చిలుకుతున్నాం," అని చెప్పాను.

మూతలు తీశాక కనబడింది బెల్టు. పగుళ్ళు నిజమే. నా కొడుకు అబద్ధం చెప్పలేదు, అదొకటి ఒప్పుకోవాలి. జ్యోతి పై చక్రాన్నీ కింది చక్రాన్నీ వాటి చోటికి తెచ్చి, పాత బెల్టు తీసే ముందు సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. చక్రం మీద ఒక గీత, దానికెదురుగా వెనక ఇనుము మీద ఒక గీత. "ఈ గీతలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటేనే కొత్త బెల్టు ఎయ్యాలి. కంపెనీ గుర్తులు కూడా ఉంటాయంట గానీ, ఈ జిడ్డులో కనపళ్ళేదు," అంది. పాత బెల్టు ఊడదీసేసరికి వెలుతురు తగ్గింది. షెడ్డుకి తాళం వేసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాం. జిడ్డు పోలేదు. అన్నం కలుపుకుంటే గ్రీజు వాసన.

ఇప్పుడు శుక్రవారం పొద్దున నేను చేసిన పని చెప్పాలి.

మాది వ్యాపారం ఇల్లు. శుక్రవారం తలంటుకుని, ఇంట్లో ఉన్న ఇనుమంతా తుడిచి పసుపు కుంకుమ పెట్టడం నా అలవాటు. కాటా, ఇనప్పెట్టె, గ్రైండరు, మోటారు స్విచ్చు, ఏదీ వదలను. కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లంతా తిరిగి షెడ్డులోకి వెళ్ళాను. ఇంజను నోరు తెరుచుకుని ఉంది. ఇంతకన్నా బొట్టు కావాల్సిన ఇనుము ఆ రోజు ఇంట్లో ఇంకోటి లేదు. కానీ అంత జిడ్డు మీద బొట్టు ఎలా పెడతాం? గుడ్డ కిరసనాయిల్లో ముంచి రెండు చక్రాలూ శుభ్రంగా తుడిచాను. తుడుస్తుంటే పై చక్రం టక్కున ఒక పక్కకి జరిగింది. తిరిగే వస్తువు, తిరిగింది అనుకున్నాను. తుడిచాక చూస్తే సుద్ద గీతలు లేవు.

లేకపోతే ఏం? గీతలు ఎదురెదురుగా ఉన్నాయని నాకు తెలుసు. సరిగ్గా అలాగే, చక్రం మీద ఒక బొట్టు, దానికెదురుగా వెనక ఇనుము మీద ఒక బొట్టు, పైనా కిందా పెట్టాను. నలభై ఏళ్ళు బెల్లం దిమ్మల మీద కుంకుమతో మా కొట్టు గుర్తు పెట్టిన చెయ్యి ఇది. సుద్ద చెరిగిపోతుంది, కుంకుమ అంటుకుని ఉంటుంది. నేను చాలా గొప్ప పని చేశాననే అనుకున్నాను.

జ్యోతి వచ్చి చూసి, "నా గీతలేవత్తయ్యా?" అంది.

"తుడిచేసి బొట్లు పెట్టేను. ఆ చోటే, వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాను. అది ఒక్క క్షణం ఆగింది. అత్తగారు, శుక్రవారం, కుంకుమ. ఏ కోడలు మాత్రం అనుమానం పైకి అంటుంది? బొట్లు చూసుకుని కొత్త బెల్టు వేసింది. టెన్షనర్ బిగించింది. కింది నట్టు బిగించి, చేత్తో తిప్పడానికి పానా తగిలిస్తుంటే, బయట గేటు చప్పుడయింది. తరవాత ఆటో ట్రాలీ చప్పుడు.

రామ్‌గోపాల్ ముందు, పోతురాజు వెనక. షెడ్డు తలుపు దగ్గర నిలబడి నా కొడుకు లోపలికి చూశాడు. ఒక చక్రం లేని కారు, నేల మీద నట్లు, మోచేతుల దాకా జిడ్డుతో పెళ్ళాం, కుంకుమ భరిణెతో తల్లి. వాడి మొహం చూడాల్సింది అప్పుడు.

"ఏటమ్మా ఇది? ఏం చేత్తన్నారు మీరు?"

"బెల్టు మారుత్తన్నాం."

"జ్యోతీ, నువ్వు కూడానా?"

జ్యోతి పానా కింద పెట్టలేదు.

పోతురాజు తల లోపలికి పెట్టి నవ్వాడు. "ఏటి బాబూ, ముక్కలు సేసి రెడీగా ఎట్టేసేరా? నాకు పని తగ్గిపోయింది." నేను వాడి వైపు చూసిన చూపుకి వాడి నవ్వు అక్కడే ఆగిపోయింది.

రామ్‌గోపాల్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "సరే. మార్చేసేరు కదా. స్టార్ట్ చెయ్యి. ఇప్పుడే, నా ముందే. స్టార్టయితే పోతురాజుని పంపేత్తాను, ఇంకెప్పుడూ ఈ కారు మాట ఎత్తను. అవ్వకపోతే తాళం నాకిచ్చేయాలి."

తాళం నా బొడ్లోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది. ఒట్టు, పోయింది. ఎక్కి కూర్చుని, తాళం తిప్పి, ఆ ఇంజను గర్జిస్తుంటే వీడి మొహం చూడాలని నా ఒళ్ళంతా లాగింది. జ్యోతి నా వైపే చూస్తోంది, తల అడ్డంగా ఊపుతూ.

"ఆగు," అన్నాను కొడుకుతో. "నువ్వు స్టార్ట్ చెయ్యమన్నప్పుడు చెయ్యను. నాకు చెయ్యాలనిపించినప్పుడు చేత్తాను. ముందు చేత్తో రెండు చుట్లు తిప్పాలి."

"భయం కదా?" అన్నాడు.

"పని," అన్నాను. "తిప్పు జ్యోతీ."

జ్యోతి పానా లాగింది. చక్రాలు మెల్లగా కదిలాయి, బొట్లు కదిలాయి. ఒక పావు చుట్టు తిరిగిందో లేదో లోపల ఠక్కుమని ఆగిపోయింది. ఇంకొంచెం లాగబోయి, అది చెయ్యి తీసేసింది. "ఇనుముకి ఇనుము తగుల్తంది అత్తయ్యా. ముందుకెళ్ళదు."

తాళం తిప్పి ఉంటే ఆ ఠక్కుమనడం చేతికి ఆగేది కాదు. నా ఇంజను నా చేతుల్లోనే పోయేది, వాడి కళ్ళ ముందు.

పై చక్రం మీద బొట్టు ఎర్రగా నన్నే చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. తుడుస్తుంటే జరిగిన చక్రం. టక్కుమని జరిగిన చక్రం! జరిగిపోయిన చక్రానికి ఎదురెదురుగా బొట్లు పెట్టి, అదే దాని చోటని కోడలికి చెప్పాను. తప్పు బెల్టుది కాదు, పిల్లది కాదు.

దాచొచ్చు. కారు పాతదై అలా అయిందంటే ఎవరు కాదంటారు? కానీ దాస్తే కారు పోతుంది. నాకు పరువు కన్నా కారు ముఖ్యం.

"నేనే చెడగొట్టేను," అన్నాను, గట్టిగానే. "తుడిచినప్పుడు పై చక్రం జరిగింది. చూసుకోకండా బొట్టెట్టేను. జ్యోతి గీతలు సరిగ్గానే ఉన్నాయి."

రామ్‌గోపాల్ చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యమ్మా."

"ఎందుకు?"

"స్టార్టవ్వలేదు కదా."

"స్టార్ట్ చేత్తే కదరా అవ్వకపోడానికి! చేత్తో తిప్పేం. తప్పు దొరికింది. తప్పు దొరికితే దిద్దుకుంటారు, ఇనుము కొట్టుకి పంపరు."

"నీకెందుకమ్మా ఈ పంతం?" వాడి గొంతు మారిపోయింది. "నువ్వు ఫోనెత్తకపోతే నా ప్రాణం ఎలా కొట్టుకుంటాదో తెలుసా నీకు? ఏ లారీ కిందో పడ్డావేమో అని. నాన్న పోయేక నాకు నువ్వే కదా ఉన్నావు."

వాడి భయం నిజం, అది నాకు తెలుసు. అయినా చెయ్యి బొడ్లోంచి తియ్యలేదు.

"నీ భయం నీది నాయనా. నాకూ ఉంది, నువ్వు బరంపురం వెళ్తే ఇల్లు చేరిందాకా నాకు నిద్దరుండదు. అలాగని నీ బండి ఇనుము కొట్టుకి పంపేనా? నీ భయం పోగొట్టడానికి నన్ను కుర్చీలో కూర్చోబెడతానంటే, నేను కూర్చోను. అక్కడ నిలబడు. అడ్డం రాకు."

జ్యోతి అప్పటికే టెన్షనర్ వదులు చేసి బెల్టు తీసేసింది. నేను పీట జరుపుకుని దాని పక్కన కూర్చున్నాను. జడలోంచి పిన్ను తీసి, పై చక్రం అంచుల వెంట జిడ్డు గీకాను. కంపెనీ వాడు పెట్టిన గుర్తు ఎక్కడికి పోతుంది? ఉండాలి. జిడ్డు కింద ఓ చిన్న చిల్లు బయటపడింది, కందిగింజ పట్టేంత. వెనక ఇనుము మీద గీకితే సన్నని గాడి. కింది చక్రానికీ అలాగే ఒక గుర్తు. జ్యోతి కింది చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి, పై చక్రాన్ని మెల్లగా దాని చోటికి తెచ్చి, మళ్ళీ కిందిదాన్ని తన గుర్తుకి చేర్చింది. చిల్లూ గాడీ ఎదురెదురుగా నిలిచాయి.

"పాత బొట్లు తుడిచెయ్యండి అత్తయ్యా," అంది.

తుడిచాను, ఈసారి చక్రాన్ని అది పట్టుకుని ఉంటే. భరిణె తీసి, ఆ చిల్లులో కుంకుమ కూరాను. వెనక గాడిలోనూ కూరాను. కింద కూడా. ఇప్పుడు ఎవరు చూసినా కనబడతాయి.

బెల్టు మళ్ళీ వేసింది. బిగించింది. పానా నా చేతికిచ్చింది.

"మీరు తిప్పండి."

తిప్పాను. బరువుగానే తిరిగింది. మోకాళ్ళు నొప్పి, భుజం నొప్పి, తిప్పాను. ఒక చుట్టు. ఇందాక ఆగిన చోటు దాటింది. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు, చూస్తే పోతురాజు. లోపలికొచ్చి నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు, వచ్చిన పని మర్చిపోయి. కింది చక్రం రెండో చుట్టు పూర్తయ్యేసరికి ఎర్ర చుక్కలన్నీ మళ్ళీ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి.

"సాలమ్మగారూ, కలిసిపోయింది!" అన్నాడు పోతురాజు.

తొందరపడలేదు. మూతలు పెట్టాం. పుల్లీ, ఫ్యాను బెల్టు, ఇంజను పట్టీ, చక్రం, ఒక్కోటీ బిగించాం. రామ్‌గోపాల్ అన్నం తినలేదు, కుర్చీ తెచ్చుకోలేదు. మధ్యలో ఒకసారి జాకీ జారబోతే వాడే ఒంగి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు, పని అయ్యేదాకా.

చేతులు కడుక్కోకుండానే సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పాను. ఒకసారి గురగురమని ఆగింది. రెండోసారి అందుకుంది. షెడ్డు రేకులు అదిరేలా ఓ దులుపు దులిపి, తరవాత నెమ్మదించి, ఎప్పటిలాగా ఆడింది. మా ఆయన పక్క సీట్లో ఉంటే వేలితో డాష్‌బోర్డు మీద తాళం వేసేవారు ఆ చప్పుడుకి. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే హారన్ కొట్టాను.

"ఇంజను నిచ్చేపం లాగుంది," అన్నాడు పోతురాజు బానెట్టు మీద చెయ్యి వేసి. "బాబూ, ఇప్పుడైతే రేటు పెంచుతాను."

ఇంకోసారి హారన్ కొట్టాను. వాడు గబుక్కున చెయ్యి తీసేశాడు.

పక్క తలుపు తెరుచుకుంది. జ్యోతి ఎక్కి కూర్చుంది, నూనె మరకల చీరతో, అలాగే. సీటు బెల్టు పెట్టుకుంది.

కారు షెడ్డులోంచి బయటికి తీస్తుంటే రామ్‌గోపాల్ ముందుగా గేటు దగ్గరికి పరిగెత్తాడు. పెద్ద రెక్క తెరిచే ఉంది. వాడు చిన్న రెక్క గడియ కూడా తీసి బార్లా తెరిచాడు, స్తంభానికి తగలకుండా.

అద్దం దించాను. "ఆ రెక్క ముయ్యి."

"అమ్మా, ఉంటే ఏటి..."

"ముయ్యమన్నాను కదరా."

మూశాడు. మూసి, చిన్న రెక్కకి ఆనుకుని నిలబడ్డాడు. ఎడం పక్క గీత పడిన స్తంభం, కుడి పక్క నా కొడుకు. మొదటి గేరులో, ఏ పక్కా చూడకుండా, తిన్నగా పోనిచ్చాను. స్తంభానికి గానీ వాడికి గానీ తగల్లేదు. వీధిలోకొచ్చి ఆపాను, జ్యోతి కొంగు తలుపులో ఇరుక్కుంటే.

అది కొంగు లాక్కునేలోగా వాడు వచ్చేశాడు, కిటికీ దగ్గరికి. చెయ్యి కిటికీ అంచు మీద పెట్టాడు. వాడి అరచేతికి కూడా గ్రీజే.

"ఎక్కడికమ్మా?"

నేను నోరు తెరిచాను. నా దగ్గర చాలా జవాబులున్నాయి, పుట్టినప్పటి నుంచి పోగేసినవి. ఒక్కటి కూడా చెప్పే పని పడలేదు. నా ఒడి మీంచి ఒంగి, మొగుడి కళ్ళలోకి చూస్తూ, మా జ్యోతి చెప్పింది.

"వచ్చేక చెప్తాం."

వాడు చెయ్యి తీశాడు. నేను క్లచ్చు వదిలాను.